నవంబరు 26: బార్ అసోసియేషన్ న్యాయ దినోత్సవాన్ని జనానికి పనికొచ్చేలా ఎలా జరపాలి?

జాయింట్ సెక్రటరీ గారూ, మీ కోర్టు ఊళ్లో ఎనభై మంది సభ్యులున్న న్యాయవాదుల సంఘం ఏటా నవంబరు 26న రాజ్యాంగ పీఠిక చదివి, నాలుగు ప్రసంగాలు విని, శాలువాలు కప్పి ముగించేస్తోందని రాశారు. వాయిదాకి వచ్చి చెట్టు కింద కూర్చున్న కక్షిదారులు కూడా లోపలికి తొంగి చూడరని బాధపడ్డారు. ఈసారి జనం రావాలి, వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పనికిరావాలి, అందుకు ఏం చెయ్యాలని అడిగారు.

ప్రసంగాలు ఒక్కదానికి కుదించండి. రెండే పనులు పెట్టుకోండి: న్యాయ సలహా బల్లలు, బడిపిల్లలతో నమూనా విచారణ. ఈ రెంటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఆ రోజు సంఘం చేసే ప్రతి పనీ రూలు ప్రకారం ఉండాలి. సమన్యాయ పాలన గురించి మైకులో చెబుతూ ఆ మైకుకే అనుమతి తీసుకోకపోతే, చూసేవాళ్ల మనసులో ప్రసంగం నిలవదు, ఆ తప్పు నిలుస్తుంది.

మొదట ఈ దినోత్సవం పేరు సంగతి, ఎందుకంటే బ్యానరు దగ్గరే గొడవ మొదలవుతుంది. న్యాయ దినోత్సవాన్ని మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, న్యాయవాదులే. అమెరికాలో 1957లో అక్కడి బార్ అసోసియేషన్ అధ్యక్షుడు చార్లెస్ రైన్ ఆలోచన చేస్తే, 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రకటన చేశారు. 1961లో వాళ్ల కాంగ్రెస్ మే 1ని న్యాయ దినోత్సవంగా ఖాయం చేసింది. మన దేశంలో 1979లో ఎల్.ఎం. సింఘ్వీ చొరవతో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ నవంబరు 26ని న్యాయ దినోత్సవంగా జరపడం మొదలుపెట్టింది. అంబేడ్కర్ 125వ జయంతి సంవత్సరంలో, 2015 నవంబరులో, కేంద్రం దాన్ని రాజ్యాంగ దినోత్సవంగా ప్రకటించింది. బ్యానరు మీద రెండు పేర్లూ రాయండి, తగువు తీరిపోతుంది.

ఆ రోజు చరిత్ర చెప్పేటప్పుడు దొర్లే తప్పులు రెండున్నాయి. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని అధికరణలు అదే రోజు అమల్లోకొచ్చాయి, మిగతావన్నీ 1950 జనవరి 26న. అంచేత "రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజు" అని కరపత్రంలో అచ్చువేస్తే తప్పే. సభ్యులంతా సంతకాలు పెట్టిన రోజు కూడా ఇది కాదు, అది 1950 జనవరి 24. పీఠిక పాఠం విషయంలోనూ ఇలాగే జాగ్రత్త. సామ్యవాద, లౌకిక అన్న మాటలు 1976 నాటి 42వ సవరణతో చేరాయి. అసలు ప్రతి ఫొటో ఇంటర్నెట్లో దొరుకుతుంది కాబట్టి దాన్నే ఫ్లెక్సీ కొట్టిస్తారు, ఆ మాటలు అందులో ఉండవు, కావాలనే తీసేశారని గొడవ లేస్తుంది. చదివించేదీ అచ్చువేసేదీ ఇప్పుడు అమల్లో ఉన్న పాఠమే కావాలి. పాత ప్రతిని పెట్టాలనిపిస్తే ప్రదర్శనలో పెట్టి, కింద సంవత్సరం రాయండి.

ఇక మనవాళ్లు తరచూ దాటే గీతలు.

నల్ల గౌన్లూ, మెడ దగ్గర తెల్ల బ్యాండ్లూ వేసుకుని బజారులో ర్యాలీ. ఫొటోలో బాగుంటుంది. కానీ న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం, బార్ కౌన్సిలో కోర్టో నిర్దేశించిన ఉత్సవ సందర్భాల్లో, చోట్లలో తప్ప కోర్టు బయట బహిరంగ స్థలాల్లో న్యాయవాది బ్యాండు, గౌను ధరించకూడదు. ర్యాలీ తప్పదనుకుంటే మామూలు తెల్ల చొక్కాతో నడవండి.

మైకు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. షామియానా వేసి, గేటు దగ్గర బాక్సులు పెట్టి, పక్క హాల్లో సాక్షి చెప్పేది జడ్జిగారికి వినపడకుండా చేసే కార్యక్రమం న్యాయ దినోత్సవం కాదు. బార్ హాల్లో తలుపులు మూసి చిన్న మైకు వాడుకోండి. పెద్ద సభే కావాలంటే కోర్టు ఆవరణ వదిలి, దూరంగా ఉన్న కల్యాణమండపమో మున్సిపల్ హాలో తీసుకోండి, అదీ బడికీ ఆసుపత్రికీ వంద మీటర్లు దాటి ఉండాలి.

ఫ్లెక్సీలు. న్యాయవాది నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నియమం. బోర్డు మీదా, లెటర్‌హెడ్ మీదా తాను ఫలానా సంఘానికి అధ్యక్షుడినని రాసుకోవడం కూడా అదే నియమం ఒప్పుకోదు. చౌరస్తాలో నిలువెత్తు ఫొటో, పేరు, కింద "సివిల్, క్రిమినల్, ఫ్యామిలీ కేసులు", ఫోన్ నంబరు ఉన్న శుభాకాంక్షల ఫ్లెక్సీ బార్ కౌన్సిలుకు ఫిర్యాదు వెళ్లడానికి సరిపోతుంది. సంఘం పేరు, తేదీ, చోటు, సలహా ఉచితమన్న మాట, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు ఉంటే చాలు. ఫొటోలు వద్దు.

విధుల బహిష్కరణ. కార్యక్రమం కోసం ఆ రోజు కోర్టు పనులకు దూరంగా ఉందామని కొందరు తీర్మానం అడుగుతారు. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని 2002 డిసెంబరులో హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు పక్కన పెట్టి చూసినా, యాభై కిలోమీటర్ల నుంచి బస్సెక్కి వచ్చిన కక్షిదారుకు రాజ్యాంగం పేరు చెప్పి వాయిదా ఇప్పించడం ఏం న్యాయం? పీఠిక ఉదయం జడ్జిగారు బెంచ్ ఎక్కే ముందు చదవండి, ఐదు నిమిషాలు పడుతుంది. సలహా బల్లలు రోజంతా నడవనివ్వండి, కేసులున్నవాళ్లు వెళ్లొచ్చేలా రెండు షిఫ్టులు వేసుకోండి. నమూనా విచారణ సాయంత్రం బెంచ్ దిగాక.

శాలువాలు, జ్ఞాపికలు. జడ్జీలు బయటివాళ్ల దగ్గర బహుమతులు తీసుకోకూడదన్నది 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా కలిసి ఆమోదించుకున్న విలువల్లో ఒకటి. పిలిచి ఇబ్బంది పెట్టకండి. కోర్టులో కేసులు నడుస్తున్న రియల్ ఎస్టేట్ సంస్థలు, చిట్‌ఫండు కంపెనీల దగ్గర చందా తీసుకోవద్దు. ఎనభై మంది తలా కొంత వేసుకుంటే ఈ కార్యక్రమానికి సరిపోతుంది. ఎంత వసూలైందో, దేనికి ఖర్చయిందో మినిట్స్ బుక్కులో రాసిపెట్టండి.

ఏర్పాట్లకు నలభై రోజులు చాలు. అక్టోబరు మధ్యలో కార్యవర్గ తీర్మానం చేసి, ఐదుగురితో కమిటీ వెయ్యండి. వాళ్లలో ఇద్దరు జూనియర్లు, ఒక మహిళా న్యాయవాది ఉండి తీరాలి. వెంటనే రెండు ఉత్తరాలు రాయండి. కోర్టు ఆవరణ వాడుకోవడానికి మీ కోర్టు జడ్జిగారి ద్వారా ప్రిన్సిపల్ జిల్లా జడ్జిగారికి ఒకటి, మండల న్యాయ సేవాధికార కమిటీకి ఒకటి. నవంబరు 9 జాతీయ న్యాయ సేవల దినం కాబట్టి ఆ నెలలో వాళ్లకు ఎలాగూ కార్యక్రమాలుంటాయి. తెలుగు కరపత్రాలు, పారా లీగల్ వాలంటీర్లు (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన స్థానికులు), దరఖాస్తు ఫారాలు అక్కడే దొరుకుతాయి. మూడు వారాల ముందు బడి ప్రధానోపాధ్యాయుల్ని కలవండి. పది రోజుల ముందు ఊళ్లలో చెప్పించండి. వాట్సాప్ పోస్టర్ న్యాయవాదుల గ్రూపుల్లోనే తిరుగుతుంది. రైతు బజారు, పింఛన్లు పంచే చోటు, డ్వాక్రా సంఘాల సమావేశం, ఈ మూడు చోట్ల వాలంటీరు నోటితో చెప్పిందే పనిచేస్తుంది. చెప్పేటప్పుడు "న్యాయ విజ్ఞాన సదస్సు" అంటే ఎవరూ రారు. "మీ కాగితాలు తెచ్చుకోండి, లాయరు చదివి చెబుతారు, డబ్బులు అక్కర్లేదు" అంటే వస్తారు.

సలహా బల్లల దగ్గర ఓపికతో పనిచెయ్యాలి, ఈ కార్యక్రమానికి ప్రాణం అక్కడే. నాలుగు బల్లలు, ఒక్కోదానికి ఇద్దరేసి, అంటే ఒక సీనియరు, రాసే జూనియరు. భూమి, రెవెన్యూ వ్యవహారాలు ఒక బల్ల. కుటుంబం, మహిళలు, వృద్ధులు ఇంకోటి, దీని దగ్గర మహిళా న్యాయవాది ఉండాలి. పోలీసు, క్రిమినల్ మూడోది. చెక్కులు, అప్పులు, వినియోగదారుల ఫిర్యాదులు నాలుగోది. వీటికి ముందు రిసెప్షన్ బల్ల పెట్టి, అక్కడ వాలంటీరు టోకెన్ ఇచ్చి, ఏ బల్లకు వెళ్లాలో చెప్పాలి. మనిషికి పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. నాలుగు బల్లలు ఐదు గంటలు నడిస్తే ఎనభై మందిని చూడగలరు. అంతకు మించి టోకెన్లు ఇస్తే చివర్లో వచ్చినవాళ్లకు రెండు నిమిషాల సలహా దొరుకుతుంది, అది సలహా లేకపోవడం కంటే ప్రమాదం.

బల్లల మధ్య కనీసం పదడుగుల ఎడం ఉండాలి. వచ్చిన మనిషి వీపు జనం వైపు ఉండేలా కుర్చీ వెయ్యండి. భర్త కొడుతున్నాడని చెప్పుకునే ఆవిడ ఊరంతా చూస్తుండగా నోరు విప్పదు. బల్లల దగ్గర ఫొటోలు తీయొద్దని ముందే గట్టిగా చెప్పండి. న్యాయవాదికి చెప్పుకున్న మాట గోప్యం, అది వకాలతు సంతకమయ్యాకే మొదలవుతుందనుకోవడం పొరపాటు. లైంగిక నేరాల బాధితుల వివరాలు, పిల్లల వివరాలు బయటపెట్టడం నేరమే అవుతుంది.

వచ్చినవాళ్ల చేతికి చీటీ ఇవ్వడం మర్చిపోవద్దు. నోటితో చెప్పింది గేటు దాటేసరికి సగం పోతుంది. చీటీ మీద నాలుగే గళ్లు: సమస్య ఏమిటి, ఎక్కడికి వెళ్లాలి, ఏ తేదీలోగా, వెంట ఏం తీసుకెళ్లాలి. ఉదాహరణకు చెక్కు తిరిగొచ్చిన మనిషి బ్యాంకు మెమో పట్టుకొచ్చాడు, మెమో అతనికి నవంబరు 3న అందింది. చట్టం ప్రకారం ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా చెక్కిచ్చినవాడికి రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆపై నెలలోగా కోర్టులో ఫిర్యాదు. చీటీ మీద "30 రోజులు" అని రాయకండి, "డిసెంబరు 3 లోపు, కుదిరితే ఈ వారమే, స్పీడ్ పోస్టులో నోటీసు. రసీదు దాచుకోవాలి" అని రాయండి. తేదీ లెక్క మనం కట్టి ఇవ్వాలి. కేసు బలం సంగతి తర్వాత, గడువు దాటి వచ్చినవాడికి చెయ్యగలిగింది చాలా తక్కువ.

మిగతా బల్లలకూ ఇలాంటి ఖాయమైన సమాధానాలు ముందే రాసి పెట్టుకోండి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదంటే: నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, నిరాకరిస్తే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా పని కాకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి. పిల్లలు చూడని తల్లిదండ్రులైతే: 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ, లాయరు అవసరం లేదు. ఆ చివరి మాట న్యాయవాది నోటితోనే చెప్పండి, సంఘం మీద జనానికి నమ్మకం పెరిగేది అలాంటి మాటతోనే.

ఉచిత న్యాయ సహాయం ఎవరికన్న దగ్గర ఒక పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతుంది. వచ్చిన ప్రతి ఒక్కర్నీ ఆదాయ ధ్రువపత్రం అడుగుతారు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు, విపత్తు బాధితులకు ఆదాయ పరిమితి లేదు. పరిమితి వర్తించేది ఈ వర్గాల్లోకి రానివాళ్లకే, వాళ్లకు కూడా సాధారణంగా అఫిడవిట్ సరిపోతుంది. ఉద్యోగం చేసుకునే మహిళ అయినా అర్హురాలే. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రిసెప్షన్ బల్ల మీద అంటించండి.

సలహా ఇచ్చేవాళ్లకు మూడు కట్టుబాట్లు. విజిటింగ్ కార్డు ఇవ్వకూడదు. అక్కడికక్కడ వకాలతు తీసుకోకూడదు. ఒరిజినల్ కాగితాలు ఉంచుకోకూడదు, చదివి వెనక్కి ఇచ్చేయాలి, అవసరమైతే జిరాక్సు. కేసు నడపాల్సి వస్తే కమిటీ ప్యానెల్ లాయరుకు దరఖాస్తు రాసి పంపించండి. అప్పటికే లాయరున్న కక్షిదారు వచ్చి మీ పక్క సీటాయన మీద ఫిర్యాదు చెబితే, ఆ కేసు మంచిచెడ్డల జోలికి వెళ్లకుండా వాయిదా తేదీ, కేసు స్థితి మాత్రం ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసి చెప్పండి. రాజీకి ఒప్పుకునేవి ఉంటే విడిగా రాసుకోండి. డిసెంబరులో సాధారణంగా జాతీయ లోక్ అదాలత్ ఉంటుంది, కేసు వెయ్యకముందు దశలోనే దానికి పంపొచ్చు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదన్న సంగతి మాత్రం సంతకానికి ముందే చెప్పాలి.

నమూనా విచారణకు హైస్కూలు పైతరగతుల పిల్లలు, పద్నాలుగు మంది సరిపోతారు: బెంచ్ మీద ముగ్గురు, ప్రాసిక్యూషన్‌కు ఇద్దరు, డిఫెన్సుకు ఇద్దరు, సాక్షులు నలుగురు, ముద్దాయి, బెంచ్ క్లర్కు, అటెండరు. మెజిస్ట్రేటు కోర్టులో ఒక్కరే కూర్చుంటారు నిజమే, కానీ ముగ్గురైతే తీర్పు ముందు వాళ్లలో వాళ్లు పైకి మాట్లాడుకుంటారు, మిగతా పిల్లలకు అదే అసలైన పాఠం. హత్య కేసులు వద్దు, నాటకమైపోతాయి. ఊళ్లో నడుస్తున్న కేసు అసలే వద్దు.

మంచి కథాంశం సెకండ్ హ్యాండ్ సెల్‌ఫోన్. బస్టాండులో ఒకావిడ ఫోను పోయింది. ఇరవై రోజుల తర్వాత ఐఎంఈఐ నంబరు ద్వారా అది పందొమ్మిదేళ్ల కుర్రాడి దగ్గర దొరికింది. పద్దెనిమిది వేల ఫోను ఆరువేలకు, బిల్లు లేకుండా, సంతలో తెలియని మనిషి దగ్గర కొన్నానంటాడు. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి దగ్గర పెట్టుకున్నాడా అన్నదే ప్రశ్న, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్. ఇటువైపు తక్కువ ధర, బిల్లు లేకపోవడం. అటువైపు పట్టపగలు సంతలో అందరి ముందు కొనడం, తన సిమ్ వేసి తన పేరుతోనే వాడుకోవడం. ఏ తీర్పుకైనా చోటుంది. దాచి వాడాడా, దర్జాగా వాడాడా అని పిల్లలు వాదించుకోవడం మొదలుపెట్టారంటే, నిర్దోషిత్వ భావన, సందేహాతీతంగా రుజువు చెయ్యడం అన్న మాటలు విడిగా వివరించక్కర్లేదు.

పిల్లలు రాసుకొచ్చే స్క్రిప్టులో రెండు తప్పులు తప్పకుండా ఉంటాయి. ముద్దాయిని స్కూలు విద్యార్థిగా పెడతారు. పద్దెనిమిది నిండకపోతే ఆ విచారణ బాలల న్యాయ మండలిలో జరగాలి, ఈ కోర్టులో కాదు. రెండోది, "ఎస్సై గారి ముందు నేరం ఒప్పుకున్నాడు" అని సాక్ష్యం రాస్తారు. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. దాన్ని ముందే దిద్దకండి. ఎస్సై పాత్రధారి ఆ మాట అనగానే డిఫెన్సు లేచి అభ్యంతరం చెప్పేలా నేర్పండి, బెంచ్ ఆ మాటను పక్కన పెట్టేలా చూడండి. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమయ్యేది అక్కడే.

సమయం గట్టిగా పట్టుకోవాలి. అభియోగం చదివి ముద్దాయిని అడగడం ఐదు నిమిషాలు. ముగ్గురు ప్రాసిక్యూషన్ సాక్షులకు చీఫ్ (పిలిచిన పక్షం అడగడం) ఐదు, క్రాస్ (ఎదుటి పక్షం అడగడం) ఐదు చొప్పున అరగంట. ముద్దాయిని బెంచ్ ప్రశ్నించడం ఐదు, డిఫెన్సు సాక్షి ఎనిమిది, వాదనలు చెరో ఐదు, బెంచ్ చర్చ ఏడు, తీర్పు ఐదు. మొత్తం డెబ్బై నిమిషాలు. మూడు రిహార్సల్స్ కావాలి, మాటలు బట్టీ పట్టించకండి, ప్రతి సాక్షికీ తనకు తెలిసిన విషయాల కాగితం ఒకటిచ్చి క్రాసులో సొంతంగా జవాబు చెప్పనివ్వండి. చివర్లో జడ్జిగారిని తీర్పు ఒప్పా తప్పా అని అడగొద్దు, విచారణ నడిచిన పద్ధతి గురించి పది నిమిషాలు మాట్లాడమనండి.

ప్రసంగం ఒకటే అన్నాను కదా, అది సభ్యుల కోసం మధ్యాహ్న భోజన విరామంలో ఇరవై నిమిషాలు పెట్టుకోండి. విషయం 1976 ఏప్రిల్ నాటి ఏడీఎం జబల్పూర్ తీర్పు కంటే మంచిది కనపడదు. ఎమర్జెన్సీలో నిర్బంధితులకు విడుదల కోసం కోర్టుకెళ్లే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు అంటే, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు, మరుసటి జనవరిలో ఆయన్ని దాటి జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో ఆ మెజారిటీ తీర్పును సుప్రీంకోర్టే కొట్టేసింది. గోడల మీద ప్రదర్శన పెడితే మన వాళ్లను మర్చిపోకండి: ముసాయిదా కమిటీలో పనిచేసిన, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, రాజ్యాంగ సభలో కూర్చున్న రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి, 1967లో, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు రాసిన కోకా సుబ్బారావు.

బల్లల దగ్గరికి వచ్చినవాళ్ల వివరాలు రాసుకున్న రిజిస్టరు మూసేసి బీరువాలో పెట్టకండి. డిసెంబరు చివర్లో కమిటీ మళ్లీ కూర్చుని, చీటీ తీసుకున్నవాళ్లలో ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లకు కాల్ చెయ్యాలి: చెప్పిన ఆఫీసుకు వెళ్లారా, అర్జీ తీసుకున్నారా, గడువు దాటలేదు కదా అని. పేర్లు లేకుండా, ఏ రకం సమస్యలు ఎన్ని వచ్చాయి, ఏ ఆఫీసు దగ్గర ఆగిపోయాయి అన్న లెక్క ఒక పేజీ రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఒకే గ్రామం నుంచి సర్వే తగాదాలు పది వచ్చాయంటే, తర్వాతి శిబిరం ఆ ఊళ్లోనే, సర్వేయరును కూడా రప్పించి పెట్టమని ఆ పేజీలోనే అడగండి.